గుంటూరు జోజప్పగారి ఆస్పత్రి: మన్యం వైపునుంచి ఒక చూపు

అరకు లోయనుంచి విశాఖపట్నానికి రమారమి 115 కిలోమీటర్లు. రైలెక్కితే సొరంగాలు, బస్సెక్కితే అనంతగిరి ఘాటు మలుపులు లెక్కపెట్టుకుంటూ దిగాలి. విహారానికి వచ్చినవారికి ఈ దారి కన్నులపండువ. నెలలు నిండిన మనిషిని పట్నం ఆస్పత్రికి దింపుకుపోయే నలుగురికీ మాత్రం అదే దారి ఇంకోలా ఉంటుంది. ముంచింగిపుట్టు, పెదబయలు మండలాల లోపలి గూడేలవారికైతే ఈ దారి ఎక్కడానికి ముందు ఇంకో దారి కూడా ఉంది. రెండు భుజాలమీద ఒక కర్ర, ఆ కర్రకు వేలాడే డోలీ, కాళ్ళకింద వాగూ రాయీ.

కొండలనుంచి దిగివచ్చి మన కళాశాలల్లో చదువుకుంటున్న మిత్రులకు ఇందులో కొత్త ఏమీ లేదు. ఐతే ఒక సంగతి మనం అంతగా ఆలోచించం. పట్నంలో ఆస్పత్రి ఉన్నంతమాత్రాన రోగి అందులోకి రాడు. ఆడమనిషి అసలే రాదు. ఆమె వచ్చే ముందు ఇంకేదో జరగాలి. ఆ ‘ఇంకేదో’ ఏమిటన్నది వంద సంవత్సరాల క్రితమే మన రాష్ట్రంలో ఒక ఆస్పత్రి పనిచేసి తెలుసుకున్నది. అది గుంటూరులోని సెయింట్ జోసెఫ్ ఆస్పత్రి. కతోలిక క్రైస్తవుల వాడుకలో జోజప్పగారి ఆస్పత్రి.

ఆస్పత్రుల చరిత్ర అనగానే శంకుస్థాపన రాళ్ళూ, ప్రారంభోత్సవాలూ, ఎన్ని పడకలు పెరిగినవో ఆ లెక్కలూ చెప్పడం రివాజు. ఈ వ్యాసంలో ఆ పని చేయడం లేదు. అందులో ఎవరు వైద్యం చేయడానికి వీలైంది, ఎవరికి పని నేర్పారు, ఆ నేర్పినవారు ఏమయ్యారు అన్నదే ఇక్కడ పరిశీలన. మన్యం వైపునుంచి చూసేవారికి అక్కరకొచ్చే చరిత్ర అదే.

ఆడవారి వైద్యానికి ఆడవారే

పందొమ్మిదో శతాబ్దం చివర మన కోస్తా ఊళ్ళలో సర్కారు దవాఖానాలు లేకపోలేదు. డాక్టరు మగవాడు. ఘోషా పాటించే ఇళ్ళలోని స్త్రీలు ఆయన ముందుకు రారు. ఘోషా లేని ఇళ్ళలోనూ కాన్పు సంగతి మగవైద్యుడి దాకా పోనిచ్చేవారు కాదు. మంత్రసాని చేతిలో తేలితే సరి, తేలకపోతే దైవనిర్ణయం. మద్రాసు వైద్యకళాశాల 1875లో స్త్రీలకు తలుపు తెరిచింది. మేరీ షార్లీబ్ అనే ఆంగ్ల వనిత మొదటి జట్టులో చేరినవారిలో ఒకరు. 1885లో వైస్రాయి భార్య లేడీ డఫరిన్ పేర స్త్రీల వైద్యసహాయానికి ఒక నిధి ఏర్పడింది. ఈ వేడి గుంటూరుకు కూడా తగిలింది.

గుంటూరుకు తగలడం ప్రొటెస్టంటుల ద్వారా ముందుగా తగిలింది. 1883లో అమెరికన్ లూథరన్ మిషన్ తరపున డాక్టర్ ఆనా కుగ్లర్ గుంటూరు వచ్చారు. తమాషా ఏమంటే, వైద్యం చదివి వచ్చిన ఆవిడకు మొదట మిషన్ అప్పగించింది బడి పని, ఇంటింటికీ తిరిగి ఆడవారికి చదువు చెప్పే పని. మందుల పెట్టె ఎదురుగా ఉంటే జనం ఊరుకుంటారా! చివరకు ఆమెను వైద్యురాలిగానే నియమించక తప్పలేదు. 1898లో ఆమె ఆస్పత్రి తెరిచారు. 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. ఆ ఆస్పత్రికి కుగ్లర్ పేరే నిలిచింది.

మరి కతోలికులు ఏం చేస్తున్నారు? వారు మన ప్రాంతానికి వెనక వచ్చినవారేమీ కాదు. ఫ్రాన్సు సరిహద్దుల్లోని ఆనెసీనుంచి సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు 1846లోనే విశాఖపట్నం చేరారు. అదే ఆనెసీనుంచి సెయింట్ జోసెఫ్ సభ సిస్టర్లు 1849లో యానాంలో అడుగుపెట్టారు. హాలెండులో 1822లో పుట్టిన యేసు మరియ జోజప్ప సభ సిస్టర్లు 1904లో గుంటూరు వచ్చారు. మనవాళ్ళు జె.ఎం.జె. సిస్టర్లనేది వీరినే. బళ్ళు పెట్టారు, అనాథపిల్లల్ని చేరదీశారు, చిన్నపాటి మందుల గది నడిపారు. పుండ్లు కడగడం, కళ్ళలో మందు వేయడం, జ్వరానికి క్వినైను ఇవ్వడం, అంతవరకే. డాక్టరు చదువు చదివిన సిస్టరు వారిలో లేరు. లేకపోవడానికి కారణం చదువు దొరక్కపోవడం కాదు. తిరుసభ నియమం ఒప్పుకోదు!

ఇక్కడ కొంచెం ఆగి ఈ నియమం సంగతి చెప్పుకోవాలి. ఇది తెలియకపోతే తర్వాత జరిగినదాని విలువ తెలియదు. కతోలిక తిరుసభలో గురువులూ మఠవాసులూ ప్రత్యేకానుమతి లేకుండా వైద్యవృత్తి చేయకూడదని చాలాకాలంగా ఆంక్ష ఉంది. 1917లో వెలువడిన తిరుసభ చట్టసంహితలోనూ ఆ మాట చేరింది. రోగికి సేవ చేయవచ్చు, కట్టు కట్టవచ్చు, పక్కన కూర్చుని ప్రార్థించవచ్చు. శస్త్రం పట్టకూడదు. కాన్పు చేయడమైతే బ్రహ్మచర్య వ్రతానికి తగని పని అనుకునేవారు. ఫలితం ఎలా తయారైందో చూడండి. మన దేశంలో మగవైద్యుడి దగ్గరకు రాని స్త్రీలకు సిస్టర్లు మాత్రమే దగ్గర కాగలరు. ఆ సిస్టర్లకే కాన్పు గదిలోకి పోవడానికి వీల్లేదు!

ఈ ముడిని మొదట గట్టిగా పట్టుకున్నది డాక్టర్ ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లండు వనిత. 1837లో ఎడింబరోలో పుట్టారు. బ్రిటన్ విశ్వవిద్యాలయాలు స్త్రీలకు వైద్యపట్టా ఇవ్వని రోజులు కనుక ఫ్రాన్సులోని మాంట్‌పెలియేకి పోయి 1878లో డాక్టరయ్యారు. పెద్దవయసులో కతోలిక మతం తీసుకున్నారు. రావల్పిండిలో స్త్రీలకూ పిల్లలకూ ఆస్పత్రి పెట్టించారు. అందులో పనిచేయడానికి వైద్యం చదివిన సిస్టర్లు కావాలి కదా, ఆంక్ష ఎత్తివేయండని పలుమార్లు రోముకు విన్నవించుకున్నారు. 1913లో చనిపోయేనాటికి ఆ విన్నపం నెరవేరలేదు. ఆమె జీవితాన్ని గురించిన ఒక చిన్న పుస్తకం మాత్రం సముద్రాలు దాటి ఆస్ట్రేలియా చేరింది.

మెల్బోర్న్ నుంచి గుంటూరుకు

1915లో ఆ చిన్న పుస్తకం మెల్బోర్న్ నగరంలో డాక్టర్ మేరీ గ్లౌరీ చేతిలో పడింది. ఆమె 1887లో ఆస్ట్రేలియా విక్టోరియా రాష్ట్రంలోని బిర్రెగురా అనే ఊళ్ళో పుట్టారు. మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో 1910లో వైద్యపట్టా పుచ్చుకున్నారు. పేరున్న వీధిలో సొంత ప్రాక్టీసు, సెయింట్ విన్సెంట్ ఆస్పత్రిలోనూ కళ్ళూ చెవుల ఆస్పత్రిలోనూ పని. 1916లో కతోలిక స్త్రీల సంఘం ఒకటి ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షురాలు. మన భాషలో చెప్పాలంటే ‘సెటిలయిన’ మనిషి. ఆ చిన్న పుస్తకం చదివాక తన పని ఇండియాలో ఉందని నిశ్చయించుకున్నారు.

నిశ్చయించుకున్న వెంటనే బయలుదేరలేదు. నాలుగేళ్ళకు పైగా ఆగారు. యుద్ధం నడుస్తున్నది, అది ఒక కారణం. ఈలోగా స్త్రీల వ్యాధులు, కాన్పులు, నేత్రవైద్యం ప్రధానంగా చదివి 1919లో ఎం.డి. సంపాదించారు. ఏ చదువు ఎంచుకున్నారో గమనించాలి. పోబోయే చోట ఏ వైద్యం లేక మనుషులు పోతున్నారో తెలుసుకుని, దానికే తయారై వచ్చారు.

1920 జనవరిలో మెల్బోర్న్‌లో ఓడెక్కి ఫిబ్రవరిలో గుంటూరు చేరారు. అక్కడ జె.ఎం.జె. సభలో చేరి, తిరుహృదయ సిస్టర్ మేరీ అనే అర్థం వచ్చే పేరు తీసుకున్నారు. మఠంలో చేరితే వైద్యం మానాలన్న నియమం అలాగే ఉన్నది కదా! పోపు పదిహేనవ బెనెడిక్టు ఆమెకు ప్రత్యేకానుమతి ఇచ్చారు. మఠవస్త్రాలతో డాక్టరుగా పనిచేసిన మొదటి సిస్టర్‌గా ఆమె పేరు చెబుతారు. అదే 1920లో ఆనా డెంగెల్ అనే ఆస్ట్రియా యువతి రావల్పిండిలో మెక్‌లారెన్ పెట్టిన ఆస్పత్రికి డాక్టరుగా వచ్చారు. ఒకే మనిషి తపన దేశానికి ఆ కొసన ఒకరినీ ఈ కొసన ఒకరినీ ఒకే ఏడు దింపింది.

ఆవిడ అడుగుపెట్టిన గుంటూరు ఎలాంటి గుంటూరు? 1921లో చీరాల పేరాల ప్రజలు ఊరు ఖాళీచేసి పందిళ్ళలో కాపురముంటున్నారు. 1922 ఫిబ్రవరిలో పలనాట కన్నెగంటి హనుమంతు కాల్పులకు బలయ్యాడు. పెదనందిపాడు ఫిర్కాలో పన్నుల నిరాకరణ. అదే సంవత్సరం ఆగస్టులో ఇక్కడ మన మన్యంలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసుస్టేషను మీద పడ్డాడు. తెల్లవారిమీద జనం ఇంతగా మండిపోతున్న రోజుల్లో తెల్లజాతి సిస్టరు దగ్గరకు జనం వచ్చారంటే అది ఒట్టి మందు మహిమ అనుకోవడానికి లేదు. ఆడవైద్యురాలు, రోజూ అక్కడే ఉండే మనిషి, రేపు బదిలీ అయిపోదు. ఈ మూడూ కలిసిన చోటు జిల్లాలో ఇంకెన్ని ఉన్నాయి!

మందుల గది క్రమంగా ఆస్పత్రి అయింది. పగలంతా అవుట్ పేషంట్లు, రాత్రి కాన్పులు, మధ్యలో పల్లెలనుంచి పిలుపులు. కంటిజబ్బులు చదివి వచ్చారు కాబట్టి ఆ వైద్యమూ ఆమెదే. తొలి సంవత్సరాలలో అన్నిటికీ డాక్టరు ఆవిడ ఒక్కరే. ఇక్కడి ఆకులూ వేళ్ళూ వేటికి పనికొస్తాయో పరిశీలించి, అక్కరకొచ్చినవి వాడారు కూడా. ఎం.డి. చదివిన డాక్టరు మన నాటుమందును చూసి ముక్కు విరవకపోవడం ఆ కాలానికి చిన్న విషయం కాదు. ఈ కాలానికీ కాదనుకుంటాను!

అసలు కట్టడం

నా దృష్టిలో జోజప్పగారి ఆస్పత్రి చరిత్రలో ముఖ్యమైన భాగం ఇక్కడ మొదలవుతుంది. ఒక్క డాక్టరు ఒక్కరోజులో ఎంతమందిని చూడగలదు? దీనికి జవాబుగా ఆమె ఇంకో డాక్టరు కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. స్థానిక స్త్రీలకు పని నేర్పసాగారు. కాంపౌండర్లు, మంత్రసానులు, నర్సులు.

ఈ మూడు పేర్లూ ఇవాళ వింటే మామూలుగా ఉన్నాయి. ఆనాడు మామూలు కాదు. పరాయివారి ఒంటిని తాకడం, మలమూత్రాలు ఎత్తడం, రాత్రిళ్ళు ఇంటికి రాకుండా డ్యూటీ చేయడం ఇవేవీ ‘మంచి ఇంటి ఆడపిల్ల’ చేసే పనులుగా లోకం ఒప్పుకోలేదు. అంటూ మైలా పాటించే సమాజంలో నర్సు పనికి ముందుగా వచ్చినవాళ్ళలో పేదలూ, మాలమాదిగ కుటుంబాలనుంచి క్రైస్తవం పుచ్చుకున్నవాళ్ళూ ఎక్కువ. చేతిలో చదువు, నెలకు జీతం, ఒంటిమీద తెల్లబట్టలు. వీధిలో దూరంగా నడవమన్నవాళ్ళే ఆస్పత్రిలో ‘సిస్టరమ్మా’ అని పిలిచి నాడి చూపించుకోవలసి వచ్చింది. దక్షిణాదిన చాలా మిషన్ ఆస్పత్రులు తెచ్చిన మార్పులలో ఇది ఒకటి. దీన్ని ఏ పడకల లెక్కలోనూ చూపించలేం.

ఇందులో డబ్బు సంగతి కూడా ఉంది. ఇలాంటి ఆస్పత్రి ఎలా నడుస్తుందో విద్యార్థులు తెలుసుకోవాలి. సిస్టర్లు జీతం పుచ్చుకోరు. వారి శ్రమే ఆస్పత్రికి మొదటి పెట్టుబడి. ఇచ్చుకోగలవారు ఫీజు ఇస్తారు, లేనివారికి ఆ డబ్బుతో మందు వస్తుంది. మిగతా కొరత విరాళాలు పూడ్చాలి. శిక్షణ పొందుతున్న నర్సుపిల్లలు వార్డుల్లో పనిచేస్తూ నేర్చుకుంటారు. ఈ స్తంభాలలో ఏది కదిలినా ఇల్లు కదులుతుంది. ఈ మాట గుర్తుంచుకుంటే తర్వాత చెప్పేది తేలికగా బోధపడుతుంది.

రోము నియమం 1936లో సడలింది. ఆ సంవత్సరం ఫిబ్రవరి 11న విడుదలైన ఆదేశం ప్రకారం మిషన్ దేశాలలో సిస్టర్లు వైద్యం, ముఖ్యంగా ప్రసూతి వైద్యం, చదివి చేయవచ్చునన్నారు. ఆనా డెంగెల్ 1925లోనే వాషింగ్టన్‌లో వైద్యసేవకోసం ఒక సభను స్థాపించి పోరాడుతున్నారు. మెక్‌లారెన్ అడిగింది ఆమె పోయిన ఇరవై మూడేళ్ళకు అందింది. గుంటూరులో అప్పటికి పదహారేళ్ళుగా ఆ పని జరుగుతూనే ఉన్నది. అనుమతి పత్రం కంటే అనుభవం ముందు నడిచిందన్న మాట.

గుంటూరులో పుట్టిన సంఘం

1943 జూలై 29. రెండో ప్రపంచయుద్ధం మధ్యలో ఉంది. మందులకు కటకట, బెంగాలులో కరువు. ఆ రోజుల్లో కతోలిక ఆస్పత్రులలో పనిచేసే పదహారుమంది సిస్టర్లు గుంటూరులో సమావేశమై కతోలిక హాస్పిటల్ అసోసియేషన్‌ను స్థాపించారు. దానికి నాయకురాలు మన గుంటూరు డాక్టరమ్మే. ఒక్కొక్క ఆస్పత్రి ఒంటరిగా సర్కారుతోనూ, మందుల కంపెనీలతోనూ, నర్సుల పరీక్షల బోర్డులతోనూ పెనుగులాడే బదులు అందరూ ఒక గొంతుతో మాట్లాడాలన్నది ఆలోచన. ఆ సంఘమే నేటి కతోలిక హెల్త్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. ప్రధాన కార్యాలయం సికింద్రాబాదులో ఉంది. సభ్యసంస్థలు మూడువేలకు పైమాటే. వాటిలో పెద్ద నగరాల ఆస్పత్రులు కొన్నే. ఎక్కువ భాగం మారుమూల ఊళ్ళలోని చిన్న డిస్పెన్సరీలు.

పేరులో ‘హాస్పిటల్’ పోయి ‘హెల్త్’ రావడం చిన్న మార్పుగా కనిపిస్తుంది. ఆస్పత్రికి వచ్చినవాడికి వైద్యం చేయడం ఒక పని. రానివాడి ఊళ్ళో నీళ్ళు, తిండి, టీకా చూడడం ఇంకో పని. తర్వాతి తరం వారు రెండో దానికేసి మొగ్గారని పేరే చెబుతున్నది.

కతోలికులకు సొంత వైద్యకళాశాల ఉండాలన్నది మేరీ గ్లౌరీ పట్టుదల. అది ఆమె బతికుండగా జరగలేదు. 1957 మే 5న బెంగుళూరులో ఆమె చనిపోయారు. ముప్పైయేడేళ్ళ క్రితం దిగిన దేశాన్ని విడిచి మళ్ళీ ఆస్ట్రేలియా పోయి స్థిరపడలేదు. అదే బెంగుళూరులో 1963లో సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ ప్రారంభమైంది. 2013లో తిరుసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

గుంటూరు ఆస్పత్రి సంగతికి వస్తే, 1946లో గుంటూరు వైద్యకళాశాల రావడంతో ఊరి వైద్య ముఖచిత్రమే మారిపోయింది. తర్వాత వీధివీధికీ నర్సింగ్ హోములు. ఒకనాడు జిల్లాలో ఆడవైద్యురాలు ఉన్న కొద్ది చోట్లలో ఒకటిగా పేరు తెచ్చుకున్న జోజప్పగారి ఆస్పత్రి, ఇప్పుడు నలుగురిలో ఒకటి. కాన్పులు, సాధారణ వైద్యం, శస్త్రచికిత్స, నర్సింగ్ విద్య, ఇలా సాధారణ ఆస్పత్రిగా కొనసాగుతున్నది.

ఇలాంటి ఆస్పత్రులన్నిటికీ కాలం తెచ్చిన చిక్కు ఒకటే. మఠాలలో చేరే ఆడపిల్లలు తగ్గుతున్నారు. జీతం లేని చేతులు తగ్గితే జీతం చేతులు పెట్టుకోవాలి. శిక్షణ పొందిన నర్సు గల్ఫుకో, యూరపుకో పోతుంది, పోవద్దనే హక్కు మనకు లేదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవాడికి కార్పొరేట్ ఆస్పత్రి గుమ్మం తెరుచుకుంది. మంచిదే. ఐతే రోగి వెంట డబ్బు నడిచే పద్ధతిలో ఆపరేషనుకు రేటుంటుంది గాని, పక్కన కూర్చుని ధైర్యం చెప్పినందుకు రేటు ఉండదు. ధర్మాస్పత్రులు ఈ లెక్కలో ఇమడడానికి పడుతున్న యాతన వేరే వ్యాసమవుతుంది.

మరి మన్యం?

ఇప్పుడు మన కొండలకు వద్దాం. గుంటూరులో ఆ పని సాగుతున్న రోజుల్లోనే, 1923లో, విశాఖపట్నంలో వైద్యకళాశాల వచ్చింది. కింగ్ జార్జి ఆస్పత్రికి పునాది పడింది కూడా ఆ ఏడే. ఉత్తరాంధ్రకే కాదు, ఒరిస్సా సరిహద్దు జిల్లాలకు కూడా అదే పెద్ద దిక్కు. కొండలకు మాత్రం వైద్యం చాలాకాలం జ్వరం రూపంలోనే తెలుసు. ‘మన్యం జ్వరం’ అంటే మైదానపు ఉద్యోగి బదిలీ రద్దుకు అర్జీ పెట్టుకునేవాడు. దోమే దీనికి వాహకమని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే కనుక్కున్నా, ఆ జ్ఞానం ఘాటు ఎక్కి పాడేరు చేరడానికి దశాబ్దాలు పట్టింది. ఇప్పటికీ వానాకాలం వస్తే రాష్ట్రంలో మలేరియా లెక్కలు ముందు మన ఏజెన్సీలోనే చూస్తారు.

కొండమీది ఆడమనిషి ఇప్పుడు పట్నం ఆస్పత్రికి వచ్చినా ఏమవుతున్నదో గమనించండి. ఆమె మాట్లాడేది కువి. లేదా ఆదివాసీ ఒరియా. ఓ.పి. చీటీ ఇంగ్లీషులో, అడిగే ప్రశ్న తెలుగులో. నొప్పి ఎప్పటినుంచి అంటే వెంట వచ్చిన మరిది చెప్పాలి. ఆడవారి బాధ మరిది నోట ఎంత వస్తుంది? 1880లలో గుంటూరు స్త్రీకి డాక్టరుకూ మధ్య ఘోషా తెర. ఈనాడు మన గిరిజన స్త్రీకి డాక్టరుకూ మధ్య భాష తెర. అందుకే ఆమె మొదట దిసారి దగ్గరకు పోతుంది. అతడు తన భాషలో, తన అరుగుమీద కూర్చుని వింటాడు. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసేవారు, మూడుగంటలు క్యూలో నిలబడి మూడు మాటలు కూడా చెప్పుకోలేక వెనుదిరిగిన మనిషి స్థానంలో ఒకసారి నిలబడి చూడాలి.

సౌకర్యాలు రాలేదని అనడం లేదు. 2005లో 108 వాహనాలు మొదలయ్యాయి. అదే సంవత్సరం మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద ‘ఆశా’ కార్యకర్తలు వచ్చారు. రోడ్డు లేని చోట్ల కోసం 2018లో మోటారుసైకిలు అంబులెన్సులు దించారు. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. 2024లో పాడేరు ప్రభుత్వ వైద్యకళాశాల 50 సీట్లతో మొదలైంది. అయినా డోలీ మోత పత్రికలకెక్కని వానాకాలం లేదు. వాహనం రోడ్డు చివర ఆగుతుంది. గూడెం అక్కడినుంచి మొదలవుతుంది.

వీటన్నిటిలోనూ గుంటూరు అనుభవానికి దగ్గరగా ఉన్నవి నాకు రెండే కనిపిస్తున్నాయి. ఒకటి సాలూరులో 2018లో పెట్టిన గిరిజన గర్భిణుల వసతిగృహం. నెలలు నిండకముందే కొండదిగి వచ్చి, అక్కడ ఉండి, తిండి తిని, సమయం వచ్చినప్పుడు పక్కనే ఉన్న ఆస్పత్రికి పోవడం. చవకైన ఆలోచన, ఐతే చాలా పెద్ద ఆలోచన. ఆఖరు గంటలో దారితో పందెం వేయనక్కరలేదు. కాని ఆ వసతిగృహానికి రావాలంటే గూడెంలో పెద్దపిల్లల్ని ఎవరు చూడాలి, వెంట వచ్చిన అత్తగారికి అన్నం ఎవరు పెట్టాలి, అక్కడ వండేది ఆమెకు సయిస్తుందా? ఈ ప్రశ్నలకు జవాబు ఉన్నచోటే గది నిండుతుంది.

రెండోది ఆశా కార్యకర్త. ఆ ఊరి ఆడపడుచో కోడలో, ఆ భాష మాట్లాడే మనిషి. మేరీ గ్లౌరీ 1920లలో వెదికిన మనిషి సరిగ్గా ఈమే. గౌరవ వేతనం 2019లో నెలకు 10,000 రూపాయలు చేశారు. తేడా ఎక్కడుందంటే, గుంటూరులో పని నేర్చిన స్త్రీకి ముందు ఒక మెట్టు కనిపించేది. కాంపౌండరు పనో, మంత్రసాని పనో, నర్సు పనో, ఆ తర్వాత వార్డు బాధ్యతో. మన ఆశా కార్యకర్త పదిహేనేళ్ళు పనిచేసినా ఆశా కార్యకర్తే. పదో తరగతి తప్పినచోట ఆగిపోయిన ఆమె చదువును మళ్ళీ పట్టాలెక్కించి, ఏ.ఎన్.ఎం. దాకా, నర్సింగు దాకా తీసుకుపోయే దారి వేస్తే, ఆమె ఊరు వదిలిపోకుండా ఆ ఊరికి నర్సు వస్తుంది. ఈ పనికి మిషనరీ అక్కరలేదు, విదేశీ నిధులూ అక్కరలేదు. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ఉంది, కళాశాల ఉంది, ఆశ్రమపాఠశాలలు ఉన్నాయి. ఒక సిలబస్, ఒక హాస్టలు, కువి తెలిసిన ఇద్దరు ముగ్గురు టీచర్లు కావాలి.

మన కళాశాలల భాషాశాఖలకు కూడా ఇందులో వాటా ఉంది. పురిటి గదిలో అవసరమయ్యే వంద వాక్యాలు, అంటే నొప్పి ఎక్కడ, బిడ్డ కదులుతున్నదా, నీళ్ళు పోయాయా, ఊపిరి పీల్చు, భయపడకు, కువిలోనూ ఆదివాసీ ఒరియాలోనూ తెలుగు లిపిలో రాసి చిన్న పుస్తకంగా వేస్తే ఎంత ఖర్చవుతుంది? కొండలనుంచి వచ్చిన విద్యార్థులు ఇక్కడ ఉండగా దీనికి పండితులకోసం వెదకనక్కరలేదు. వేసవి సెలవుల్లో నలుగురు కూర్చుంటే అయ్యే పని.

పాడేరులో 2024లో చేరిన మొదటి జట్టు విద్యార్థులు హౌస్ సర్జన్సీతో సహా చదువు ముగించి డాక్టర్లుగా బయటకు వచ్చేది సుమారు 2030లో. ఆ పుస్తకం ఈలోగా తయారైతే వారి తెల్లకోటు జేబులో పట్టే సైజులో వేయించడం మంచిది.